జర్మనీలో ఖాళీ ఆదివారాలు: ట్రైను, లేకు, అడవి, ఇంకా మీకు రావలసిన సెలవు

అడిగిన ప్రశ్న ఇది: ఉద్యోగం మీద జర్మనీ వచ్చి ఎనిమిది నెలలైంది. వారమంతా ఆఫీసు, శనివారం సరుకులు, ఆదివారం షాపులన్నీ మూత. జీతం ఖాతాలో పడుతోంది, రోజులు గడుస్తున్నాయి. "ఇక్కడ లైఫ్ బాగుంటుందంటారు కదా, ఆ బాగుండేది ఎక్కడుంది? ఒక్కదాన్నే వెళ్తే బాగుంటుందా?"

బాగుండేవి చాలానే ఉన్నాయి, సగానికి పైగా ఉచితం. కాకపోతే రమ్మని ఎవరూ పిలవరు. మన దగ్గరైతే పిన్నిగారో పక్కింటివాళ్ళో చెయ్యి పట్టుకుని లాక్కెళ్తారు. ఇక్కడ లాక్కెళ్ళేవాళ్ళు లేరు, ఎందుకు వెళ్తున్నావని ఆపేవాళ్ళూ లేరు. ఇంకో సంగతి: ఇక్కడ ప్రతి స్వేచ్ఛ వెనకా ఒక చిన్న షరతు వేలాడుతుంటుంది. అది తెలియక కొందరు భయపడి గదిలోనే ఉండిపోతారు, కొందరు బయటికెళ్ళి జరిమానా కట్టి వస్తారు. అందుకే ఆనందంతో పాటు దాని షరతు కూడా కలిపి చెప్తున్నాను.

ముందు ట్రైను. మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి. డాయిచ్‌లాండ్‌టికెట్ 2023 మే 1న నెలకు 49 యూరోలతో మొదలైంది, 2025లో 58 అయింది, 2026 జనవరి నుంచి 63. ఈ ఒక్క టికెట్‌తో దేశంలో ఏ ఊళ్ళోనైనా సిటీ బస్సు, ట్రామ్, ఊబాన్ (మెట్రో), ఎస్‌బాన్ (శివారు రైలు) ఎక్కొచ్చు. ఊరి నుంచి ఊరికి పోయే ఆర్‌బీ, ఆర్‌ఈ రైళ్ళూ ఎక్కొచ్చు. దూరప్రయాణపు రైళ్ళయిన ఐసీఈ, ఐసీ, ఈసీ, ఫ్లిక్స్‌ట్రెయిన్‌లలో చెల్లదు. కొత్తవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. ఒకే ప్లాట్‌ఫాం మీద పది నిమిషాల తేడాతో ఆర్‌ఈ, ఐసీ రెండూ వస్తాయి, రెండూ ఎరుపూ తెలుపే. తొందరలో ఐసీ ఎక్కేస్తారు. యాప్‌లో దారి వెతికేటప్పుడే ఈ టికెట్ చెల్లే రైళ్ళు మాత్రమే చూపించమనే బటన్ ఉంటుంది. దాన్ని ఒకసారి ఆన్ చేసి అలాగే వదిలేయండి.

కొనేముందు రెండు చూసుకోండి. ఆఫీసులో జాబ్‌టికెట్, అంటే కంపెనీ కొంత భరించే ఇదే టికెట్, ఇస్తారేమో హెచ్‌ఆర్‌ని అడగండి. కంపెనీ కనీసం 25 శాతం భరిస్తే టికెట్ ధరలో మరో 5 శాతం తగ్గుతుంది, అంటే మీ చేతి నుంచి పోయేది 44 యూరోల 10 సెంట్లు మించదు. విద్యార్థులైతే సెమిస్టర్ ఫీజులోనే ఇది కలిసి ఉందేమో చూసుకోవాలి. ఉన్న టికెట్‌నే మళ్ళీ కొనుక్కునేవాళ్ళు తక్కువేం కాదు. ఇది నెలనెలా దానంతటదే కొనసాగే చందా. వచ్చే నెల వద్దనుకుంటే ఈ నెల 10వ తేదీలోపు రద్దు చేయాలి, 11న గుర్తొస్తే ఇంకో నెల డబ్బు పోయినట్టే. నెల మధ్యలో మొదలుపెట్టినా పూర్తి నెల డబ్బు పట్టే సంస్థలున్నాయి కాబట్టి 1వ తేదీ నుంచే తీసుకోవడం మేలు.

టికెట్ మీ పేరు మీద ఉంటుంది, ఇంకొకరికి ఇవ్వకూడదు. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు దగ్గరుండాలి. స్క్రీన్‌షాట్ చెల్లదు, యాప్ తెరిచి చూపించాలి. అంటే ఫోన్ ఛార్జింగ్ అయిపోతే టికెట్ లేనట్టే లెక్క, రాసే జరిమానా 60 యూరోలు. అలా జరిగితే అక్కడ వాదించి లాభం లేదు. వాళ్ళిచ్చే కాగితం తీసుకుని, అందులో రాసిన గడువులోపు మీ పేరున్న టికెట్ చూపిస్తే 7 యూరోలు లేదా ఆ చుట్టుపక్కల కట్టి బయటపడొచ్చు. పవర్‌బ్యాంక్ కొనుక్కోవడం ఇంకా చవక.

ఎక్కడికి వెళ్ళాలంటే, మొదటిసారికి రైన్ లోయ చాలు. మైంజ్‌లో కోబ్లెంజ్ వైపు ఎడమ గట్టు మీద పోయే లోకల్ ట్రైన్ ఎక్కి కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. బింగెన్ దాటాక నది కిటికీకి ఆనుకునే వస్తుంది. బాఖరాఖ్ దాటిన కాసేపటికి నది మధ్యలో చిన్న రాతి ద్వీపం మీద తెల్లటి కోట కనిపిస్తుంది. పడవల దగ్గర సుంకం వసూలు చేయడానికి కట్టింది. ఆపైన జాంక్ట్ గోవార్ దగ్గర ఎదుటి గట్టున లోరెలై కొండ. బింగెన్ నుంచి కోబ్లెంజ్ దాకా ఉన్న ఈ లోయ 2002 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. నచ్చిన స్టేషన్‌లో దిగి, రెండు గంటలు నడిచి, తర్వాతి బండెక్కండి. సీటు రిజర్వేషన్ ఉండదు, దిగినందుకు అడిగేవాళ్ళూ ఉండరు. ఈ టికెట్‌లో అసలు రుచి అదే.

మ్యూనిక్ వైపు ఉంటే ఇదే టికెట్‌తో లోకల్ ట్రైన్‌లో ఆస్ట్రియాలోని జాల్జ్‌బుర్గ్ స్టేషన్ దాకా పోవచ్చు. ఇలా సరిహద్దు దాటేటప్పుడు రెసిడెన్స్ కార్డు ఒక్కటే పెట్టుకుని బయల్దేరేవాళ్ళు ఎక్కువ. ఒరిజినల్ పాస్‌పోర్టు కూడా ఉండాలి. 2024 సెప్టెంబరులో జర్మనీ తన అన్ని భూసరిహద్దుల్లో తనిఖీలు మొదలుపెట్టింది, తిరుగు ప్రయాణంలో ట్రైన్‌లోకి పోలీసులు వస్తారు. మీ జర్మన్ రెసిడెన్స్ పర్మిట్‌తో మిగతా షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల దాకా తిరగొచ్చు. ఇక లోకల్ రైళ్ళు ఆలస్యం కావడం మామూలే. వెళ్ళేటప్పుడు ఫరవాలేదు గానీ, తిరిగొచ్చేటప్పుడు ఆఖరి బండి మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, దానికి ముందుది ఎక్కండి.

ఇక నీళ్ళు. మే నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడివాళ్ళు సాయంత్రం ఆఫీసు అయ్యాక సంచిలో తువ్వాలు పెట్టుకుని లేకు దగ్గరికి పోతారు. బెర్లిన్‌లో ష్లాఖ్టెన్‌జే, మ్యూగెల్‌జే లాంటి చోట్ల గట్టు మీద నుంచి ఉచితంగా నీళ్ళలోకి దిగొచ్చు. డబ్బులు తీసుకునే బహిరంగ కొలను పేరు ఫ్రైబాద్. ఈ సంతోషం గురించి ఎంత చెప్పినా తక్కువే. అయితే ప్రాణం పోయే ప్రమాదం ఉన్నదీ ఇక్కడే కాబట్టి కాస్త నెమ్మదిగా చదవండి.

ఊళ్ళో కాలవలో ఈదినవాళ్ళు "నాకు ఈత వచ్చు" అనుకుంటారు. కాలవ నీళ్ళు వెచ్చన. ఇక్కడ మే నెలాఖరున లేకు పైన ఒక అడుగు మాత్రమే వెచ్చగా ఉంటుంది, కింద కాళ్ళకు తగిలేది చలి నీళ్ళు. ఒక్కసారిగా దూకితే ఒళ్ళు జివ్వుమని, మనకు తెలియకుండానే నోరు తెరిచి గట్టిగా ఊపిరి పీలుస్తాం. ఆ క్షణంలో తల నీళ్ళలో ఉంటే పీల్చేది నీళ్ళనే. మొదటి నిమిషమే గండం. అందుకని ముందు ముంజేతులు, మెడ, ఛాతీ తడుపుకుని, నడుచుకుంటూ దిగాలి. ఊపిరి మామూలైన తర్వాతే ఈత మొదలుపెట్టాలి. కంకర తవ్వగా ఏర్పడ్డ గుంట చెరువులను బాగర్‌జే అంటారు. వాటి గట్టు నుంచి రెండు అడుగులు వేయగానే నేల మాయమవుతుంది, గట్టు జారిపోతుంది కూడా. రైన్ లాంటి పెద్ద నదుల్లో మాత్రం ఎంత ఎండగా ఉన్నా, ఎంత ఈత వచ్చినా దిగకండి. సరుకు ఓడ పోయేటప్పుడు ముందు గట్టు దగ్గరి నీళ్ళను లాగేసుకుంటుంది, తర్వాత ఒక్కసారిగా వదులుతుంది. మోకాలి లోతులో నిలబడ్డవాళ్ళు కూడా కొట్టుకుపోతారు.

కాపలావాళ్ళుండే చోట జెండా చూడండి. పైన ఎరుపు, కింద పసుపు ఉంటే లైఫ్‌గార్డులు డ్యూటీలో ఉన్నారని అర్థం. దానితో పాటు పసుపు జెండా ఎగిరితే ఈత అంతగా రానివాళ్ళు దిగకూడదు. ఎర్ర జెండా ఉంటే ఎవరూ దిగకూడదు.

ఈత రాకపోతే సిగ్గుపడే పనేం లేదు. సిటీ కొలనుల్లోనూ ఫోక్స్‌హోఖ్‌షూలె అనే పురపాలక వయోజన పాఠశాలల్లోనూ పెద్దవాళ్ళకే ప్రత్యేకంగా మొదటి తరగతులు ఉంటాయి. చాలాచోట్ల సీట్లు త్వరగా నిండుతాయి, రిజిస్ట్రేషన్ తెరిచే తేదీ ముందే తెలుసుకోండి. జేఫేర్డ్‌షెన్ అనే మొదటి బ్యాడ్జికి ఈదాల్సింది 25 మీటర్లే, అది వచ్చినంత మాత్రాన లేకులో దిగే ధైర్యం చేయొద్దు. కంచు బ్యాడ్జి, అంటే 15 నిమిషాల పాటు ఈదుతూ కనీసం 200 మీటర్లు, 2 మీటర్ల లోతుకు మునక, గట్టు మీద నుంచి దూకడం, ఇవన్నీ వచ్చాకే ఈతగాళ్ళ లెక్కలోకి వస్తారు.

కొలనులో దిగేముందు సబ్బుతో స్నానం తప్పనిసరి. డ్రెస్ ఈత గుడ్డతో కుట్టినదై ఉండాలి. కాటన్ టీషర్టు, షార్ట్స్ కింద లోదుస్తులు ఒప్పుకోరు. ఒంటినిండా కప్పే ఈత డ్రెస్ చాలా కొలనుల్లో చెల్లుతుంది, కొలను వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి. లాకర్‌కి ఒక యూరో లేదా రెండు యూరోల నాణెం చేతిలో ఉంచుకోండి. ఎఫ్‌కేకే అని బోర్డుంటే అక్కడ బట్టలు లేకుండా ఉంటారు. వద్దనుకుంటే పక్కకి పోవడమే, నిలబడి చూడటం, ఫొటో తీయడం మాత్రం ఎక్కడా పనికిరాదు. ఒళ్ళు లావనీ, నలుపనీ, పొట్టనీ సంకోచపడేవాళ్ళకు ఒక మాట. డెబ్బై ఏళ్ళ బామ్మలు హాయిగా ఈత డ్రెస్‌లో తిరిగే చోటు అది. మిమ్మల్ని ఎవరూ చూడరు.

అడవి సంగతికొస్తే, విహారం కోసం అడవిలో అడుగుపెట్టే హక్కు ఇక్కడ చట్టంలోనే ఉంది, అది ప్రైవేటు అడవైనా సరే. బవేరియా అయితే ప్రకృతిని ఆస్వాదించడాన్నీ, అడవి పళ్ళను ఆ ఊరి అలవాటు మేరకు కోసుకోవడాన్నీ తన రాజ్యాంగంలోనే రాసుకుంది. నడకకు ఎటైనా పోవచ్చు, సైకిల్ మాత్రం దారి మీదే. టెంట్ వేయకూడదు, మంట పెట్టకూడదు. పళ్ళు, పుట్టగొడుగులు, ఆకులు సొంతానికి కొద్దిగా కోసుకోవచ్చు, అమ్మడానికి వీల్లేదు. జాతీయ పార్కుల్లో, ప్రకృతి రక్షిత ప్రాంతాల్లో కోయకూడదు, ఆకుపచ్చ బోర్డు చూసి వెనక్కి తగ్గండి. జులై, ఆగస్టుల్లో బ్లూబెర్రీ, ఆగస్టు, సెప్టెంబరుల్లో నల్లటి బ్లాక్‌బెర్రీ దొరుకుతాయి. ఊళ్ళలో కొన్ని పండ్ల చెట్లకు పసుపు రిబ్బన్ కట్టి ఉంటుంది. ఎవరైనా కోసుకోవచ్చని యజమాని ఇచ్చిన అనుమతి అది.

మార్చి, ఏప్రిల్‌లో అడవి నేలంతా వెల్లుల్లి వాసన కొడుతుంది. అది బేర్‌లౌఖ్ అనే అడవి వెల్లుల్లి ఆకు. లైప్‌జిగ్ నదీతీరపు అడవుల్లో తివాచీలా పరుచుకుని ఉంటుంది. పచ్చడికి ఇంతకంటే మంచి ఆకు ఈ దేశంలో లేదు. కానీ దాని పక్కనే, అదే రూపంలో, ప్రాణం తీసే రెండు మొక్కలు పెరుగుతాయి: మైగ్లోక్‌షెన్, హేర్బ్‌స్ట్‌త్సైట్‌లోజె. నలిపి వాసన చూస్తే తెలుస్తుందంటారు. మొదటి ఆకు వరకే ఆ మాట నిజం. ఒక్క ఆకు నలిపాక వేళ్ళకు అంటుకున్న వాసన పోదు, ఆ తర్వాత విషపు ఆకు నలిపినా వెల్లుల్లి వాసనే వస్తుంది. అందుకని కన్నే నమ్ముకోవాలి, ఒక్కొక్క ఆకూ చూసి కోయాలి, గుప్పెళ్ళతో కోయకూడదు. బేర్‌లౌఖ్‌లో ప్రతి ఆకూ తన సొంత సన్న కాడ మీద నేల నుంచి విడిగా వస్తుంది, అడుగు భాగం మెరుపు లేకుండా ఉంటుంది. మైగ్లోక్‌షెన్‌లో ఒకే కాడకు జంటగా ఆకులుంటాయి, అడుగున మెరుపు ఉంటుంది. హేర్బ్‌స్ట్‌త్సైట్‌లోజె ఆకులకు కాడే ఉండదు, నేలలోంచి గుత్తిగా నిటారుగా లేస్తాయి. మూడింటినీ పక్కపక్కన ఒకసారి చూసినవాళ్ళు వెంట ఉంటేనే మొదటిసారి కోయండి.

పుట్టగొడుగుల విషయంలో నా సలహా ఇంకా కటువు: సొంతంగా వద్దు. మన దగ్గర గడ్డివాముల్లో మొలిచే పుట్టగొడుగుకూ, ఇక్కడి క్నోలెన్‌బ్లేటర్‌పిల్జ్ అనే విషపు పుట్టగొడుగుకూ పోలిక ఉంది. రెండింటికీ కాండం మొదట్లో సంచిలాంటి తొడుగు ఉంటుంది. రెండోది తింటే 6 నుంచి 24 గంటల దాకా ఏమీ తెలియదు, తర్వాత వాంతులు, విరేచనాలు, మధ్యలో ఒక రోజు తగ్గినట్టే అనిపించి ఆపైన కాలేయం దెబ్బతింటుంది. ఎంత ఉడికించినా విషం విరగదు. అనుమానం వస్తే లక్షణాల కోసం చూడకుండా అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయండి, మిగిలిన ముక్కలు పారేయకుండా ఆసుపత్రికి పట్టుకెళ్ళండి.

అడవి నుంచి వచ్చాక ఇంకో పని ఉంది. పశువులకు పట్టే పిడుదు (గోమారి అంటారు కొన్నిచోట్ల) తెలుసుగా, దాని బంధువు ఇక్కడి గడ్డిలో ఉంటుంది, పేరు ట్సెకె. కుట్టినప్పుడు నొప్పి తెలియదు. స్నానానికి ముందు మోకాలి వెనక, గజ్జల్లో, చంకల్లో, చెవుల వెనక, జుట్టు మొదళ్ళలో వెతకండి. నల్ల నువ్వుగింజంత ఉంటుంది, నువ్వుగింజకు కాళ్ళుంటే అదే. సన్న మొన ఉన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, నిదానంగా నేరుగా లాగేయాలి. నూనె, గోళ్ళ రంగు, అగ్గిపుల్ల ఏవీ వద్దు, ఊపిరాడక తన కడుపులోది మన ఒంట్లోకి కక్కుతుంది. బొరేలియా అనే సూక్ష్మజీవి మన ఒంట్లోకి రావడానికి సాధారణంగా కొన్ని గంటలు పడుతుంది, అందుకే అదే రోజు తీసేస్తే చాలావరకు గండం తప్పినట్టే. తర్వాతి వారాల్లో అక్కడ ఎర్రటి వలయం పెరుగుతూ కనిపిస్తే వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి, యాంటీబయాటిక్‌తో తగ్గుతుంది. ఎఫ్‌ఎస్‌ఎంఈ అనే మెదడువాపు మాత్రం వైరస్, అది వెంటనే ఎక్కుతుంది, మందు లేదు, టీకా ఉంది. బవేరియా, బాడెన్ వ్యుర్టెంబెర్గ్‌లలో దాదాపు అంతటా దాని ముప్పు ఉంది. మూడు డోసులు, ముప్పున్న ప్రాంతాల్లో ఇన్సూరెన్సే భరిస్తుంది. చలికాలంలో మొదలుపెడితే వేసవికి రక్షణ ఉంటుంది.

ఇవన్నీ చేయడానికి రోజులు కావాలి కదా. సెలవు విషయంలో మనవాళ్ళు ఇక్కడికొచ్చాక కూడా వినయంగా కారణాలు రాస్తారు: "మా కజిన్ పెళ్ళి ఉంది కాబట్టి దయచేసి..." అక్కర్లేదు. వారానికి ఐదు రోజులు పనిచేసేవాళ్ళకు చట్టప్రకారం ఏడాదికి కనీసం 20 పనిదినాలు, చాలా కంపెనీల్లో 28, 30 కూడా ఉంటాయి. చేరిన ఆరు నెలలకు పూర్తి హక్కు వస్తుంది, మీకు వచ్చేసింది. ఎందుకని రాయక్కర్లేదు, తేదీలు చాలు. సెలవులో జ్వరం వస్తే మొదటి రోజే డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తీసుకోండి, ఆ రోజులు సెలవులోంచి తీయరు, మళ్ళీ వాడుకోవచ్చు. ఒక చిట్కా: క్రిస్తుస్ హిమ్మెల్‌ఫార్ట్ (క్రీస్తు స్వర్గారోహణ) పండగ ఎప్పుడూ గురువారమే వస్తుంది, 2026లో మే 14న. శుక్రవారం ఒక్కరోజు పెడితే నాలుగు రోజులు కలిసొస్తాయి. ఆఫీసంతా ఇదే కాచుకుని ఉంటుంది కాబట్టి జనవరిలోనే అడగండి. సెలవు ఆమోదం రాకముందు ఫ్లైట్ టికెట్ మాత్రం కొనకండి.

ఆదివారం షాపులు మూతపడటం మొదట్లో చిరాకే. ఆదివారాన్ని విశ్రాంతి దినంగా రాజ్యాంగమే కాపాడుతోంది, 1919 నాటి వైమార్ రాజ్యాంగంలోని వాక్యాన్ని అలాగే ఉంచారు. డ్రిల్లింగ్, సీసాలను పెద్ద డబ్బాల్లో పడేయడం లాంటివి ఆ రోజు చేయకూడదు. పాలు, బ్రెడ్ అత్యవసరమైతే పెద్ద రైల్వే స్టేషన్‌లోని దుకాణాలు తెరిచే ఉంటాయి. మీ పై అంతస్తువాళ్ళకు కూడా ఇదే నియమం ఉందని గుర్తొచ్చిన రోజు ఆ నిశ్శబ్దం నచ్చడం మొదలవుతుంది.

చిన్నవి కొన్ని గబగబా. కుళాయి నీళ్ళు నేరుగా తాగొచ్చు. రాత్రంతా పైపులో నిలిచిన నీళ్ళను మాత్రం చల్లగా వచ్చేదాకా వదలండి. ఒక్కసారి వాడే ఖాళీ ప్లాస్టిక్ సీసాకు, క్యాన్‌కు 25 సెంట్లు, బీరు గాజు సీసాకు 8 సెంట్లు మెషీన్‌లో వెనక్కి వస్తాయి. బయట ఉన్నప్పుడు వద్దనుకుంటే చెత్తబుట్టలో వేయకుండా పక్కన నిలబెట్టండి, ఏరుకునేవాళ్ళు చెత్తలో చెయ్యి పెట్టే పని తప్పుతుంది. వీధిలో "త్సు ఫెర్‌షెంకెన్" అని రాసిన పెట్టె కనిపిస్తే అందులోవి ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. సైకిల్‌కు ముందూ వెనకా లైట్లు, రెండు బ్రేకులు, గంట ఉండాలి. ఎర్ర లైటు దాటితే సైకిల్‌కు కూడా 60 యూరోలు, పైగా ట్రాఫిక్ తప్పుల రికార్డులో ఒక పాయింటు. బెర్లిన్‌లో రాత్రి 8 తర్వాత బస్సు డ్రైవర్‌ను అడిగితే, వీలైన చోట రెండు స్టాపుల మధ్య మీ ఇంటికి దగ్గరగా దింపుతాడు.

ఇక "ఒక్కదాన్నే" అన్నారు. ఇక్కడ ఒంటరిగా కూర్చుని తినడం, ఈదడం, సినిమాకి పోవడం ఎవరి కంటా పడదు. మొదటి అడుగుకు బవేరియా బీర్ గార్డెన్ సులువు. బీరు తాగాలనేం లేదు, ఆప్ఫెల్‌షోర్లె అనే యాపిల్ సోడా అడగండి. 1812లో అక్కడి రాజు, ఊళ్ళో రెస్టారెంట్లు దెబ్బతినకుండా, బీరు కాచేవాళ్ళు తమ నేలమాళిగల దగ్గర బీరు అమ్ముకోవచ్చు గానీ రొట్టె తప్ప వేరే తిండి అమ్మకూడదన్నాడు. జనం తిండి ఇంటి నుంచి తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఆ అలవాటు 1999 నాటి బీర్ గార్డెన్ ఉత్తర్వులోకీ ఎక్కింది. అందుకే ఇప్పటికీ పానీయం అక్కడ కొనుక్కుని, పులిహోర డబ్బా ధైర్యంగా తెరవొచ్చు. గుడ్డ పరిచిన బల్లలు వడ్డించే చోటు, అక్కడ తెరవకండి. గుడ్డ లేని పొడవాటి చెక్క బల్ల దగ్గరికి పోయి, ఖాళీ ఉన్న చోటు చూపించి "ఇస్ట్ హియర్ నోహ్ ఫ్రై?" అనండి, ఇక్కడ ఖాళీయేనా అని. తల ఊపితే కూర్చోండి. మాట్లాడాలనేం లేదు. లేచేటప్పుడు "చ్యూస్", అంటే వెళ్ళొస్తాను, అంటే సరిపోతుంది.